స్వదేశీ ఎలక్ట్రానిక్స్ సారథి డాక్టర్ ఎ.ఎస్. రావు

హైదరాబాద్ సిటీ బస్సుల మీద ఎ.ఎస్. రావు నగర్ అన్న బోర్డు మనలో చాలామందిమి చూసే ఉంటాం. జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో, భూపాలపల్లి నుంచో పరీక్షలకని, ఇంటర్వ్యూలకని పట్నం పోయి, ఆ పేరు చదివి మర్చిపోతాం. ఆ రావుగారెవరని అడిగితే రెండేళ్ల కిందటి దాకా నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. ఆయన కన్నుమూసిన 2003 నాటికి నేను పుట్టనే లేదు. ఆయన గురించి నేను తెలుసుకోవడానికి కారణం మా ఇంటి నీళ్ల ట్యాంకు.

ఆ సంగతి ముందు చెప్పేస్తాను. మాది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. ఇంటర్ సెలవుల్లో, ట్యాంకు నిండగానే మోగే అలారం ఒకటి తయారు చేశాను. బీసీ 547 అనే చిన్న ట్రాన్సిస్టర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజర్, రెండు రాగి తీగలు, అంతే సామాను. నీళ్లు తీగలను తాకితే వాటి గుండా సన్నని కరెంటు ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది. ఆ కొద్దిపాటి కరెంటే దానికి ఎన్నో రెట్ల కరెంటును బజర్‌లోకి వదులుతుంది. మొదటిరోజు మోగింది. వాడకట్టంతా పిలిచి చూపించాను. నాలుగోరోజు రాత్రి గాలికి తీగలు రెండూ ఒకదానికొకటి తగిలాయి. బేస్ దగ్గర ఒక రెసిస్టర్ పెట్టాలన్న తెలివి నాకు లేకపోయింది. ట్రాన్సిస్టర్ మాడిపోయింది. ట్యాంకు పొంగి, వాకిట్లో ఆరబోసిన వడ్లు తడిసినయి. బాపు తిట్టలేదు. బజార్ల తయారుగా దొరికేదాన్ని నువ్వు చేసుడెందుకని మాత్రం అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే రావుగారి జీవితం ఎదురైంది.

అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. చదివి, అక్కడే కొన్నేళ్లు విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1946లో స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ పక్క ఊళ్లోనే 1939లో హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు పూర్వ విద్యార్థులు ఒక ఇంటి కారుషెడ్డులో ఆసిలేటర్లు తయారు చేస్తూ కంపెనీ మొదలుపెట్టారు. ఎలక్ట్రానిక్స్ అంటే పుస్తకం ఒక్కటే కాదు, టేబుల్ మీద సోల్డరింగ్ కూడా అని నమ్మిన చోటు అది. అక్కడ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొంది రావుగారు స్వదేశానికి తిరిగివచ్చారు. బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా పరిశోధన సంస్థలో చేరారు.

ఆయన ముందున్న పని చిన్నది కాదు. అణు రియాక్టర్ కట్టాలని భాభా సంకల్పించారు. రియాక్టర్ లోపల ఏం జరుగుతున్నదో కంటికి కనబడదు. న్యూట్రాన్ల సంఖ్యను బట్టి డిటెక్టర్ అతి స్వల్పమైన కరెంటును పంపుతుంది. దాన్ని యాంప్లిఫయర్‌తో పెంచి మీటరులో చూడాలి. హద్దు దాటితే కంట్రోల్ రాడ్లు తమంతట తామే పడిపోయి చర్య ఆగిపోవాలి. గాజు వాల్వుల కాలమది. ఆ నియంత్రణ పరికరాలను రావుగారి బృందం ఇక్కడే తయారు చేసింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది.

మిత్రులారా, ఇది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. చిన్న కరెంటు వచ్చి పెద్ద పనిని నడిపించడం, హద్దు దాటితే హెచ్చరించడం! మా ట్యాంకు అలారంలో ఉన్న సూత్రమూ అదే కదా. తేడా ఏమిటంటే, నా తప్పుకు వడ్లు తడిసినయి. అక్కడ తప్పుకు చోటే లేదు.

1963లో దేశంలో ఎలక్ట్రానిక్స్ అభివృద్ధికి భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అందులో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగువారున్నారు. ఒకరు సూరి భగవంతంగారు, మరొకరు రావుగారు. నివేదిక వచ్చిన 1966లోనే భాభా విమాన ప్రమాదంలో మరణించారు. మరుసటి ఏడు, 1967 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడింది. ట్రాంబేలో పెరిగిన విద్యను హైదరాబాద్‌కు తెచ్చి ఫ్యాక్టరీగా నిలబెట్టిన తొలి సారథి రావుగారే.

రియాక్టర్ల పరికరాలతో పాటు కంప్యూటర్లు, ఇ.సి. టీవీలు ఆ సంస్థ నుంచి వచ్చినయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. మన అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటిదానితో యాంటెన్నాలు చేసి ఉపగ్రహ సంకేతాన్ని పట్టారు. ఆ సెట్లు తయారు చేసింది ఇ.సి.ఐ.ఎల్. పల్లెటూరి వాడిగా నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ప్రభుత్వం ఆయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ ఇచ్చింది. 1965లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. 1978లో ఆయన ఇ.సి.ఐ.ఎల్. నుంచి విరమించారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. 1980లలో కలర్ టీవీలు, విదేశీ విడిభాగాలతో బిగించే ప్రైవేటు కంపెనీలు వచ్చాక ఇ.సి. టీవీ క్రమంగా వెనకబడిపోయింది. అంటే బాపు అడిగిన ప్రశ్న దేశాన్ని కూడా అడిగినట్టే. బజార్ల దొరికేది చేసుడెందుకు? నాకు తోచిన జవాబు ఇది. టీవీ పోయింది గాని విద్య పోలేదు. రావుగారు విరమించిన మరుసటి ఏడే అదే సంస్థలో ఓటింగ్ యంత్రం నమూనా తయారైంది. ఇవాళ మన ఊరి బడిలో ఓటు వేసే యంత్రాలను తయారుచేసే రెండు సంస్థల్లో అదొకటి. కొన్న వస్తువు చెడిపోతే పారేస్తాం. చేసిన వస్తువు చెడిపోతే ఎక్కడ చెడిందో మనకు తెలుస్తుంది.

మా అలారంకు ఇప్పుడు రెసిస్టర్ ఉంది. ఆరునెలలకు ఒక రాగి తీగ పచ్చబడి అరిగిపోయింది. అది ఎలక్ట్రాలసిస్ అని క్లాసులో విన్నదే గుర్తొచ్చి, స్టీలు మరలు పెట్టాను. మొన్న దసరాకు పోతే, బావికాడ స్టార్టర్‌కు కూడా అట్లాంటిదేమన్నా చెయ్యరాదా అని బాపే అడిగిండు. ఆ మాట నాకు చాలు.

మిత్రులారా, మన హాస్టల్ గదుల్లో ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్ ఉండటం పెద్ద ఖర్చు కాదు. ఒక ట్రాన్సిస్టర్ మాడిపోతే మాడిపోనీ. ఈసారి ఎ.ఎస్. రావు నగర్ బస్సు కనబడితే, ఆ పేరు వెనక ఎన్ని చేతుల పని ఉందో ఒక్క నిమిషం తలుచుకుందాం.