పావులూరి మల్లన

తెలుగున శాస్త్రరచనకు దారి తీసినవారిలో తొలుత పేర్కొనదగినవాడు పావులూరి మల్లన. నన్నయభట్టు భారతమును తెనిగించి కావ్యభాషకు రూపు దిద్దెను. మల్లన యెదుట నున్న సమస్య వేఱు. గుణకారమును, భిన్నములను, త్రైరాశికమును ఛందోబద్ధముగా చెప్పవలెను. చదివినవాడు దానిని బట్టి లెక్క కట్టగలుగవలెను. పద్యమెంత మధురమైనను లెక్క తప్పినచో ఆ శ్రమ వ్యర్థము.

ఆయన ఇంటిపేరు పావులూరను గ్రామమును బట్టి వచ్చినది. తూర్పు చాళుక్యుడగు రాజరాజనరేంద్రుడు పీఠాపురమునకు చేరువనున్న నవఖండవాడను మల్లన యనువానికి ఇచ్చినట్లు గ్రంథమునందలి పద్యమువలన తెలియుచున్నది. ఈ మల్లనయే గ్రంథకర్తయా, లేక గ్రంథకర్తకు తాతయా యనుట విమర్శకుల నడుమ వివాదాంశము. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము. కావున పేరొక్కటి యగుటచేత వ్యక్తియు నొక్కడే యని తీర్పు చెప్పరాదు. మొదటి పక్షమున ఆయన నన్నయకు సమకాలికుడు, 11వ శతాబ్ది నడిమివాడు; రెండవ పక్షమున రెండు తరములు ఈవలివాడు. తెలుగు శాస్త్రవాఙ్మయము కావ్యముతో కవలగా జనించినదా, దాని వెనుక నడచినదా యనుట ఈ నిర్ణయముపై నాధారపడియున్నది. 12వ శతాబ్దిలో కన్నడమున రాజాదిత్యుడు వ్యవహారగణితము రచించెను గనుక, పొరుగుభాషల చరిత్రకారులకు సైతము ఈ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు.

మల్లన గ్రహించిన మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున వెలసిన యీ సంస్కృత గ్రంథము జైనుని రచన. మల్లన శైవుడు. అందుచే జినాలయములును జినపూజలును వచ్చు లెక్కలను శివపరముగా మార్చెను. గణితము మతమునకు లోబడలేదు. ఉదాహరణలు మాత్రమే వేషము మార్చినవి. ఇది స్వేచ్ఛానువాదమని కొట్టివేయుట సులభము. కాని శిష్యు డెఱిగిన గుడిని, పూవును, దీపమును చూపి లెక్క చెప్పుట ఉపాధ్యాయధర్మము.

మహావీరుని గుణకారప్రకరణమున హారముల వంటి లబ్ధములు గలవు. 12345679ను 9చేత గుణించిన తొమ్మిది ఒకట్లు వరుస కట్టును; 152207ను 73చేత గుణించిన ఎనిమిది ఒకట్లు. మొదటి సంఖ్యనే 18చేత గుణించిన అన్నియు రెండ్లు, 27చేత గుణించిన అన్నియు మూడ్లు. తొమ్మిదవ ఎక్కమును మెట్టు మెట్టుగా ఎక్కువానికి ఇంతకంటె చక్కని బహుమాన మేమి కలదు? వీథిబడులలో రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు అని పిల్లలు గొంతెత్తి వల్లించినది వట్టి మోత కాదు. సమానమైన అడుగులతో దాటుచు పోవు ఆ లయయే పెద్ద లెక్కలకు పునాది.

ఈ లయను కడముట్ట జూపునది పావులూరి గణితములోనిదిగా ప్రసిద్ధమైన చదరంగపు పద్యము. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గడులును నింపినచో మొత్తము 18446744073709551615. ఇరువది స్థానములు గల యీ సంఖ్య ఒక్క పద్యమున ఒదిగినది. బాణమనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, వేదమనగా నాలుగు అను సంకేతములతో ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుకొనవలెను. ఒక్కొక్క అంకెకు పెక్కు పర్యాయపదములు లభించుటచేత కవికి గణములు కుదుర్చుకొను వీలు కలిగినది. వ్రాయసకాడు ఒక మాట జాఱవిడిచినచో ఛందస్సు భంగపడి దోషము బయల్పడును. అయినను గణసామ్యము గల వేఱొక మాట చొరబడినచో ఛందస్సు పసికట్టలేదు. అప్పుడు మరల లెక్క వేయుటయే శరణ్యము. కనుక మల్లన గ్రంథమును పరిష్కరించువాడు ఛందస్సుతోపాటు గుణకారమును కూడ ఎఱిగియుండవలెను.

ఆ పిమ్మట ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని ప్రకీర్ణగణితమను పేర తెలుగు చేసెను. మహావీరుని మూలము 1912లో ఎం. రంగాచార్యుని ఆంగ్లానువాదముతో మదరాసున అచ్చయ్యెను. మల్లన ఎచ్చట మూలమును విడిచెనో, ఎచ్చట తన లెక్క చేర్చెనో పద్యము వెంట పద్యముగా దానితో సరిచూచి తేల్చుకొనుటకు నేడు వీలున్నది.