మూగజీవుల పక్షాన రుక్మిణీదేవి

నాగలి లాగినంత కాలం ఎద్దుకు మేత దొరుకుతుంది. పాలిచ్చినంత కాలం ఆవుకు కుడితి దొరుకుతుంది. ఇల్లు కాచినంత కాలం కుక్కకు పిడికెడు అన్నం దొరుకుతుంది. ముసలితనం వచ్చిన జీవికి, కాలు విరిగిన జీవికి, చూపు పోయిన జీవికి దిక్కెవరు? ఈ ప్రశ్నను దేశ చట్టసభ ముందు ఉంచి జవాబు రాబట్టిన మహనీయురాలు రుక్మిణీదేవి అరండేల్. నాట్య కళాకారిణిగా ఆమె పేరు లోకమెరిగినదే. మూగజీవుల కోసం ఆమె పడిన శ్రమ కొందరికే తెలుసు.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29వ తేదీన మదురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు. తల్లి శేషమ్మాళ్. ఉద్యోగ విరమణ తరువాత తండ్రి మద్రాసులోని అడయారులో, దివ్యజ్ఞాన సమాజం సమీపంలో స్థిరపడ్డారు. అక్కడ అనిబిసెంటు ప్రభావం రుక్మిణీదేవిపై బలంగా పడింది. 1920లో ఆమె జార్జి అరండేల్ అనే ఆంగ్లేయ విద్యావేత్తను వివాహమాడారు. ఆ పెళ్ళిని చాలామంది తప్పుపట్టారు. అయినా ఆమె తన నిర్ణయం నుండి వెనుదిరగలేదు.

ఆ రోజుల్లో గౌరవ కుటుంబాలకు చెందిన స్త్రీలు నాట్యం నేర్చుకోవడాన్ని సంఘం హర్షించేది కాదు. రుక్మిణీదేవి పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద భరతనాట్యం అభ్యసించి, 1935లో అడయారులో సభాముఖంగా ప్రదర్శించారు. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించారు. తమిళనాడులో నివసించిన తెలుగు కవి మెలట్టూరు వెంకటరామశాస్త్రి భాగవతమేళ నాటకాలను కళాక్షేత్రం రంగస్థలం మీదికి తెచ్చింది. తెలుగు నేలకు దూరంగా పుట్టిన తెలుగు రచనలను ఆమె ఆ విధంగా ఆదరించారు. 1956లో భారత ప్రభుత్వం ఆమెను పద్మభూషణ్ బిరుదుతో గౌరవించింది.

1952లో రాష్ట్రపతి రుక్మిణీదేవిని రాజ్యసభ సభ్యురాలిగా నియమించారు. కళాకారిణి కనుక కళలను గురించి మాత్రమే మాట్లాడతారని అనుకున్నవారు ఉండవచ్చు. కాని ఆమె మూగజీవుల పక్షాన నిలిచారు. అప్పటికి అమలులో ఉన్నది ఆంగ్లేయులు 1890లో చేసిన చట్టం. బహిరంగ స్థలాల్లో జరిగే కొన్ని రకాల హింసలకే అది చాలావరకు వర్తించేది. దాని స్థానంలో సమగ్రమైన చట్టం కావాలని రుక్మిణీదేవి స్వయంగా ఒక బిల్లు తయారుచేసి సభ ముందుంచారు. 1954లో దానిపై చర్చ జరిగింది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆమె ఆశయాన్ని మెచ్చుకొని, ప్రభుత్వమే అటువంటి చట్టం తెస్తుందని హామీ ఇచ్చారు. ఆమె తన బిల్లును ఉపసంహరించుకొన్నారు. పేరు ఎవరిదైనా పని నెరవేరడమే ఆమెకు ముఖ్యం. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది.

జంతువును కొట్టడం, మోయలేని బరువు వేయడం, గాయపడిన పశువును బండికి కట్టడం ఈ చట్టం ప్రకారం నేరాలు. ఆకలికి, దాహానికి గురయ్యేలా ఏ జంతువునైనా విడిచిపెట్టడం కూడా నేరమే. జంతు సంక్షేమ మండలిని ఏర్పాటు చేయాలని కూడా ఈ చట్టం చెప్పింది. ముసలివై పనికిరాకుండా పోయిన జంతువులకు, పక్షులకు ఆశ్రయమిచ్చే శాలలను ధనసహాయంతో ప్రోత్సహించడం ఆ మండలి విధులలో ఒకటి. 1962లో ఏర్పడిన మండలికి రుక్మిణీదేవి తొలి అధ్యక్షురాలయ్యారు.

మన గ్రామాల్లో బందెలదొడ్డి ఉండేది. పొలంలో పడి మేసిన పశువును అందులో బంధిస్తారు. యజమాని వచ్చి సుంకం కట్టి విడిపించుకొంటాడు. అది పంటను కాపాడే ఏర్పాటు. ఆశ్రయశాల పశువునే కాపాడే ఏర్పాటు. అక్కడ యజమాని లేని జీవికీ మేత, నీరు, వైద్యం లభిస్తాయి. పనికిరాదనే కారణంతో దానిని చంపరు. ఇటువంటి శాలలను పింజరాపోలు అంటారు. బొంబాయిలో వీధికుక్కలను చంపమని 1832లో అధికారులు ఆజ్ఞాపించినప్పుడు పార్శీలు తీవ్రంగా ప్రతిఘటించారు. తరువాత 1834లో పార్శీ, జైన వర్తకులు కలిసి అక్కడ పింజరాపోలును స్థాపించారు. దయాగుణం ఒక్కరిలో ఉంటే ఒక కుక్కకు అన్నం దొరుకుతుంది. ఊరంతా కలిసి శాల కడితే వందల జీవులు బ్రతుకుతాయి.

అయితే 1960 చట్టంలో లోటులు కూడా ఉన్నాయి. మొదటిసారి నేరం చేసినవారికి అది విధించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు మాత్రమే. వీధికుక్కలను చంపడానికి కూడా అందులో అవకాశం మిగిలింది. మద్రాసులో ఏటా వేలాది కుక్కలను పట్టి చంపేవారు. అయినా వాటి సంఖ్య తగ్గలేదు. ఒక వీధిలో కుక్కలను చంపితే, అక్కడి తిండి కోసం వేరే చోటి కుక్కలు వస్తాయి. సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదిలితే వాటి సంఖ్య క్రమంగా తగ్గుతుంది. పిచ్చికుక్క కాటు భయం కూడా తగ్గుతుంది. మద్రాసులోని బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే ఈ మార్గాన్ని సూచించింది. నగరపాలక సంస్థ దానికి అంగీకరించింది 1996లో. దేశమంతటికీ నియమాలు వచ్చింది 2001లో. ఈ మార్పును చూడడానికి రుక్మిణీదేవి అప్పటికి జీవించి లేరు.

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి ఆమెను రాష్ట్రపతి పదవికి పోటీచేయమని కోరగా ఆమె సున్నితంగా నిరాకరించారు. కళాక్షేత్రం, మూగజీవుల సేవ ఈ రెండే ఆమెకు చివరి వరకు ప్రాణం. 1986 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూశారు. తరువాత తెలుగు నగరాల్లోనూ ఆశ్రయశాలలు వెలిశాయి. హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో జంతుహింస నివారణ సంఘం పని మొదలుపెట్టాయి.

నగరాల్లో ఉన్నటువంటి శాలలు ప్రతి పల్లెలోనూ ఉండవు. పావగడ తాలూకా వానలు తక్కువగా పడే ప్రాంతం. కరవు వచ్చిందంటే నిడుగల్లు వంటి గ్రామాల్లో మనుషుల కంటే ముందు పశువులు అలమటిస్తాయి. మేత కొనలేని రైతు ఎద్దును సంతకు తోలుతాడు. ఆ రైతును నిందించి ప్రయోజనం లేదు. కరవు తీరేవరకు పశువును నిలుపుకోవడానికి అతనికి గడ్డి, నీరు కావాలి. అందుకే కరవుకాలపు గోశాల పశువుతో పాటు రైతును కూడా ఆదుకొంటుంది.

చట్టం నేరాన్ని శిక్షించగలదు కాని మనసులో దయను పుట్టించలేదు. బావి దగ్గర పశువుల తొట్టిని నీటితో నింపడం, గాయపడిన జంతువును పెద్దల సాయంతో పశువైద్యశాలకు చేర్చడం, కుక్కపిల్లలపై రాళ్ళు రువ్వకుండా తోటివారిని వారించడం బాలబాలికలు కూడా చేయగలిగిన పనులే. మనకు ఉపయోగపడినా పడకపోయినా ప్రతి జీవికీ బాధ ఒక్కటే అని రుక్మిణీదేవి జీవితం మనకు తెలియజేస్తున్నది.