గాంధీగారి మట్టిపట్టీ

పిల్లలూ, మీలో చాలామంది రెండు మూడు బళ్ళు మారి ఇక్కడికి వచ్చినవాళ్ళే. గాంధీగారూ అంతే. 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టిన ఆయన, నాన్నగారి ఉద్యోగం రాజ్‌కోట్‌కి మారడంతో ఏడేళ్ళ వయసులో ఊరూ బడీ మారారు. తర్వాత లండన్‌లో చదువు, 1893లో దక్షిణాఫ్రికా ప్రయాణం. అవన్నీ మీ పాఠాల్లో ఉన్నాయి. నేను మట్టి సంగతి చెబుతాను.

జోహానెస్‌బర్గ్‌లో వకీలుగా ఉన్నప్పుడు ఆయన్ని మలబద్ధకం, తలనొప్పి తరచూ బాధపెట్టేవి. పొద్దుటి ఫలహారం మానేస్తే తలనొప్పి పోయింది గాని మలబద్ధకం పోలేదు. ఆ రోజుల్లోనే అడాల్ఫ్ యుస్ట్ అనే జర్మన్ రాసిన ప్రకృతి వైద్యం పుస్తకం చేతికొచ్చింది. అందులో చెప్పినట్టు శుభ్రమైన మట్టిని చన్నీళ్ళతో తడిపి, పలచని గుడ్డ మీద పరిచి, పడుకునేముందు పొట్టకు కట్టుకున్నారు. గుణం కనిపించింది. కందిరీగ కుడితే మా నాయనమ్మ తడిమట్టి అద్దేది. ఆమెకు ఏ పుస్తకమూ అక్కర్లేకపోయింది!

ఓడలో ఆడుకుంటూ చెయ్యి విరగ్గొట్టుకున్న కొడుకు రామదాసుకూ ఆయన మట్టికట్టే కట్టారు. వణికే చేతులతో కట్టు విప్పి, గాయం కడిగి, మట్టి వేశారు. నెల రోజుల్లో మానింది. మీరు మాత్రం అలా చెయ్యకండి. మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. తెగిన చోట మట్టి పెట్టకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

1904లో అసలు పరీక్ష వచ్చింది. జోహానెస్‌బర్గ్ దగ్గర బంగారు గనిలో పనిచేసే 23 మంది భారతీయులకు ఒక్కసారిగా ప్లేగు సోకింది. కబురందగానే గాంధీగారు సైకిలెక్కి వాళ్ళ వాడకు వెళ్ళారు. అప్పటికే ఆయన సహచరుడొకరు ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి రోగులను అందులో చేర్చారు. డాక్టర్ గాడ్‌ఫ్రే వచ్చారు, గాంధీగారి ఆఫీసు కుర్రాళ్ళు సేవకు దిగారు. మర్నాడు పురపాలకులు ఒక గోదాము, ఒక నర్సు, మందుగా బ్రాందీ ఇచ్చారు. ప్లేగును నయం చేసే యాంటీబయాటిక్‌లు అప్పటికి లేవు. బ్రాందీ వద్దన్న ముగ్గురికి, డాక్టరు అనుమతితో, గాంధీగారు తలకీ ఛాతీకీ తడిమట్టి పట్టీలు వేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు బతికారు. మిగతా 20 మందీ ఆ గోదాములోనే చనిపోయారు. పాపం, ఆ నర్సూ ప్లేగుకే బలైంది.

ఇంకొకరైతే మట్టే బతికించిందని చాటుకునేవారు. గాంధీగారు ఆ ఇద్దరూ ఎలా బతికారో చెప్పలేనని రాశారు. మట్టి మీద తన నమ్మకం పెరిగిందని, కాని దానికి గట్టి ఆధారం లేదని కూడా ఒప్పుకున్నారు. ఆయనలో నాకు బాగా నచ్చేది ఇదే.

1915లో స్వదేశానికి వచ్చాకా ఆ నమ్మకం పోలేదు. అయినా 1924లో జైల్లో అపెండిసైటిస్ వస్తే, పుణె ససూన్ ఆసుపత్రిలో ఇంగ్లీషు సర్జన్ చేత ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ తర్వాత ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. ఎరువు వేసిన మట్టి వాడొద్దని, అనుమానముంటే వేడి చేసి వాడాలని అందులో చెప్పారు. మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, అరంగుళం మందం అని పట్టీ కొలతలు కూడా ఇచ్చారు.

1946 మార్చిలో, 76 ఏళ్ళ వయసులో, పేదలకు ప్రకృతి వైద్యం అందించాలని పుణె దగ్గరి ఉరుళి కాంచన్ అనే పల్లెకు వెళ్ళారు. వారం రోజులపాటు రోగులను చూసి, ఆ పని సహచరులకు అప్పగించారు. మరో రెండేళ్ళు నిండకుండానే, 1948 జనవరి 30న, ఢిల్లీలో హత్యకు గురయ్యారు. ఉరుళి ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది. పుణె నుంచి సోలాపూర్ వెళ్ళే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా పుణె బదిలీ అయితే వెళ్ళి చూడండి.