రేడియో అక్కయ్య విజయనగరం ఆడపడుచే

విజయనగరం: ఒకప్పుడు తెలుగు పిల్లలందరికీ రేడియో అక్కయ్యగా సుపరిచితురాలైన న్యాయపతి కామేశ్వరి స్వస్థలం విజయనగరమన్న సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. గురజాడ, సుశీలల పేర్లు చెప్పుకునే ఊళ్లో ఈమె పేరు అంతగా వినిపించదు. రేడియో అన్నయ్య పేరు చెప్పిన తర్వాతే ఆమె ప్రస్తావన వస్తుంది. ఇది న్యాయం కాదు.

కామేశ్వరి 1908లో జన్మించారు. ఆడపిల్లను బడికి పంపడానికే పెద్దలు వెనుకాడిన రోజుల్లో ఆమె ఉన్నత విద్య అభ్యసించారు. భర్త న్యాయపతి రాఘవరావు 1905 ఏప్రిల్ 13న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉండగా పిల్లల మనసు ఎరిగిన ఆయన, ఆ అనుభవాన్నే మద్రాసు ఆకాశవాణికి పెట్టుబడిగా పెట్టారు. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో ప్రారంభమైంది. కొద్దికాలానికే ఈ దంపతులు అక్కడ పిల్లల కార్యక్రమానికి ప్రాణం పోశారు. నాటికలు, పాటలు, కథలు, సంభాషణలు కూర్చి పిల్లల చేతనే చెప్పించేవారు. నాడు కార్యక్రమాలు చాలావరకు అప్పటికప్పుడు ప్రసారమయ్యేవి. చిన్నారి మాట తడబడితే దిద్దుకునే వీలుండదు. మైకు ముందు బెరుకు పోగొట్టి, వంతు వచ్చేవరకు పదిమంది పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం ఎంత కష్టమో పాఠశాల వార్షికోత్సవం నిర్వహించిన మాస్టార్లకు తెలుసు.

వరుసల ప్రకారం అన్నయ్య భార్య వదిన కావాలి. ఈ ఇంట మాత్రం ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య. శ్రోతలైన పిల్లలకు ఆ వరుసే సరిపోయింది, పెద్దలెవరూ తప్పుపట్టలేదు. వదిన అని ఉంటే ఆమె ఆయన భార్యగానే మిగిలేవారు. అక్కయ్య కావడం వల్ల పిల్లల వద్ద ఆయనతో సమానమైన చనువు దక్కింది.

1940లో వారు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని నెలకొల్పారు. 1945 ఆగస్టులో 'బాల' మాసపత్రికను ఆరంభించారు. రేడియో లేని ఇళ్ల పిల్లలకూ అన్నయ్య, అక్కయ్య చేరువైనది ఈ పత్రిక ద్వారానే. పిల్లలు పంపిన రచనలకు అందులో చోటిచ్చేవారు. బడిపిల్లవాడిగా ఉన్న ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ వెలువడినది 'బాల'లోనే. బాపు బొమ్మలకూ చిన్ననాటనే అది వేదికైంది. ఆ పత్రిక 1950 దశకం చివరి వరకు నడిచింది.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప దంపతులు హైదరాబాద్ చేరి, అక్కడి ఆకాశవాణి నుంచి బాలానందం కార్యక్రమాన్ని కొనసాగించారు. బాలానంద సంఘం కూడా అక్కడికే తరలింది. సెలవు రోజు మధ్యాహ్నం ఊళ్లో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పిల్లలు గుమిగూడిన దృశ్యం నాటి తరానికి గుర్తుండే ఉంటుంది.

కామేశ్వరి 1980లో కన్నుమూశారు. నాలుగు దశాబ్దాలు పక్కనే వినిపించిన గొంతు మూగబోయాక రాఘవరావు మరి మూడేళ్లకు పైగా జీవించి, 1984 ఫిబ్రవరి 24న తుదిశ్వాస విడిచారు.