ఎదురుగాలిలోనూ సుందరయ్యకే గన్నవరం పట్టం

గన్నవరం: రాష్ట్రమంతటా రాజకీయ పవనాలు ప్రతికూలంగా వీచిన వేళ కూడా పుచ్చలపల్లి సుందరయ్యను శాసనసభకు పంపిన ఘనత కృష్ణా జిల్లా గన్నవరం నియోజకవర్గానిది.

ఆయన స్థానికుడు కారు. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులోని భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. పేరు చివరి కులసూచకాన్ని త్యజించి, ఆస్తిని పార్టీకి ధారపోశారు. తెలంగాణ సాయుధ పోరాటానికి సారథ్యం వహించిన వారిలో ఒకరు. ఉద్యమానికే అంకితం కావాలని లీల, సుందరయ్య దంపతులు సంతానం వద్దనుకున్నారు. 1952లో రాజ్యసభకు ఎన్నికైన ఆయన పార్లమెంటుకు సైకిలుపైనే వెళ్లేవారు.

1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో అధికారం ఖాయమనుకున్న కమ్యూనిస్టు పార్టీ 196 స్థానాలకుగాను 15తో సరిపెట్టుకుంది. తరిమెల నాగిరెడ్డి వంటి ఉద్దండులే ఓటమి పాలయ్యారు. గన్నవరంలో మాత్రం సుందరయ్య విజయం సాధించారు. 1962లోనూ ఓటర్లు ఆయననే ఆదరించారు.

1964లో పార్టీ చీలిన తరువాత సీపీఎం తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పదవిని వదులుకున్నాక 1978లో మళ్లీ గన్నవరం నుంచి బరిలోకి దిగారు. ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాల్లో 175 కైవసం చేసుకున్న ఆ ఎన్నికల్లో సీపీఎంకు దక్కినవి 8. వాటిలో గన్నవరం ఒకటి.

1985 మే 19న సుందరయ్య కన్నుమూశారు. 1978 తరువాత 2024 వరకు జరిగిన ఎన్నికల్లో గన్నవరం నుంచి మరో కమ్యూనిస్టు శాసనసభకు ఎన్నిక కాలేదు. ఆ మూడు విజయాలూ పార్టీ బలంతో పాటు వ్యక్తి నిరాడంబరతకు లభించిన ప్రజామోదంగా నిలిచిపోయాయి.