తాడు తెగినా లిఫ్ట్ ఎందుకు పడిపోదు? ఓటిస్ కథ, బిల్డింగ్ ఓనర్లకు పాఠం

లిఫ్ట్‌కు ఏటా తనిఖీ ఎందుకు, మెయింటెనెన్స్ ఖర్చు దండగ కదా అని మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. జవాబు కావాలంటే ఎలీషా గ్రేవ్స్ ఓటిస్ జీవితం తెలుసుకోండి.

ఎవరీ ఓటిస్?
1811 ఆగస్టు 3న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, హాలిఫాక్స్‌లో పుట్టారు. బండి తోలారు, పిండిమిల్లు పెట్టారు, కట్టెకోత మిల్లు నడిపారు, బండ్లు తయారుచేశారు. ఏదీ నిలకడగా కలిసిరాలేదు. తర్వాత మంచాల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా కుదిరారు.

ఏం కనిపెట్టారు?
1852లో న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో పాత మిల్లును ఫ్యాక్టరీగా మార్చే పని ఆయనకు అప్పగించారు. బరువైన సామాను పై అంతస్తుకు చేర్చాలి. ఎత్తే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. కానీ తాడు తెగితే అంతే సంగతులు. ఓటిస్ తాడు చివర బండి స్ప్రింగ్ బిగించారు. తాడు బిగుతుగా ఉన్నంతసేపు స్ప్రింగ్ వంగి ఉంటుంది. తెగిన వెంటనే విచ్చుకుని, పక్క పట్టాలకున్న పళ్లలో ఇరుక్కుని ప్లాట్‌ఫామ్‌ను ఆపేస్తుంది.

జనం ఎలా నమ్మారు?
మొదట్లో ఆర్డర్లు పెద్దగా రాలేదు. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ఎగ్జిబిషన్‌లో తానే ప్లాట్‌ఫామ్ ఎక్కి, పైన తాడు నరికించారు. అది కిందికి జారబోయి, అక్కడే ఆగింది. 1857 మార్చి 23న బ్రాడ్‌వేలోని 5 అంతస్తుల హావౌట్ స్టోర్‌లో ప్రయాణికుల లిఫ్ట్ మొదలైంది. 1861 జనవరి 15న ఆయన లిఫ్ట్‌కు పేటెంట్ వచ్చింది. మూడు నెలలు నిండకుండానే, ఏప్రిల్ 8న డిఫ్తీరియాతో కన్నుమూశారు. వయసు 49. కొడుకులు చార్లెస్, నార్టన్ కంపెనీని నిలబెట్టారు.

మరి తనిఖీ ఎందుకు?
ఆ బ్రేక్ రోజూ పనిచేయదు. ప్రమాదం జరిగినప్పుడే దాని అవసరం. ఈలోగా తుప్పు పట్టినా, దుమ్ము చేరినా మీకు తెలియదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది. అందుకే న్యూయార్క్ నగరంలో ఓనర్లు ఏటా ఒక పరీక్ష, ఐదేళ్లకోసారి పూర్తి బరువుతో మరో పరీక్ష చేయించాలి. పరీక్ష చేసేది ఒక ఏజెన్సీ అయితే, దానితో సంబంధం లేని ఇంకో ఏజెన్సీ సాక్షిగా ఉండాలి. మన దేశంలోనూ బాంబే లిఫ్ట్స్ యాక్ట్ 1939లోనే వచ్చింది.

మీరేం చేయాలి?
* మెయింటెనెన్స్ కాంట్రాక్టు గడువు దాటనివ్వకండి.
* సేఫ్టీ బ్రేక్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో టెక్నీషియన్‌ను అడగండి. తేదీ రిజిస్టర్‌లో రాయించండి.
* తలుపు సరిగా మూసుకోకపోయినా, లిఫ్ట్ అంతస్తుకు సమంగా ఆగకపోయినా రిపేరయ్యేదాకా ఆపేయండి.

ఓటిస్ తన బ్రేక్‌ను అందరి ముందూ పరీక్షించి చూపించాకే జనం నమ్మారు. మీ లిఫ్ట్ విషయంలోనూ ఆ రుజువు అడగండి.