గోంగూర పువ్వు – ఆచార్య శేషాద్రి

పిల్లలూ, ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో గౌబర్ట్ మార్కెట్‌కు వెళ్లి గోంగూర కావాలని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఒక బుట్టలో కట్టలు కనబడితే వేలితో చూపించాను. “పుళిచ్చకీరైయా!” అని నవ్వి ఇచ్చారు. అంతకుముందు మహారాష్ట్రలో ఉన్నప్పుడు అదే ఆకును అంబాడి అన్నారు. పులుపు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఆకు మనం తింటాం. పువ్వును ఎవరూ పట్టించుకోరు. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు. ఆ పసుపు ఏ పదార్థం, మొక్క దాన్ని ఎలా తయారుచేసుకుంటుంది అని అడిగిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు తిరువేంకట రాజేంద్ర శేషాద్రి.

ఆయన తెలుగువారు కారు. 1900 ఫిబ్రవరి 3న కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. శ్రీరంగం, తిరుచ్చి బడుల్లో చదువుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. చేతిలో డబ్బు లేని రోజులవి. రామకృష్ణ మిషన్ వారి ఆసరా దొరికింది. 1927లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు వెళ్లి రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి, 1929లో పిహెచ్‌.డి. పొందారు. మొక్కల్లోని పదార్థాల మీద చేసిన కృషికి రాబిన్సన్‌కు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడి నుంచి ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి వెళ్లి, ఫ్రిట్జ్ ప్రెగల్ దగ్గర కొన్ని మిల్లీగ్రాముల పదార్థంతోనే విశ్లేషణ చేయడం నేర్చుకున్నారు. ఈ విద్య ఆయనకు జీవితాంతం పనికొచ్చింది. పూల రంగు కిలోల్లో దొరకదు కదా!

1930లో తిరిగి వచ్చాక కోయంబత్తూరులో వ్యవసాయ రసాయన శాస్త్రం పని. 1933లో వాల్తేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పటికి ఏడేళ్ల వయసు. రసాయన శాస్త్ర విభాగాన్ని ఆయన చేతికిచ్చారు. చుట్టూ ఏం దొరుకుతుందో దానితోనే మొదలుపెట్టారు: పత్తి పూలు, కానుగ గింజలు, గోంగూర పూలు, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్లు.

పని ఎలా సాగేదో చెబుతాను, మీ ప్రాక్టికల్స్‌తో పోల్చి చూసుకోండి. రేకులు ఏరి ఎండబెట్టాలి. ఆల్కహాల్‌లో వేసి కాచాలి. ద్రవాన్ని చిక్కబరచి, వదిలేసి, స్ఫటికాల కోసం ఎదురుచూడాలి. వచ్చిన స్ఫటికాలను ఆమ్లంతో ఉడికిస్తే పదార్థానికి అంటుకుని ఉన్న చక్కెర విడిపోతుంది. మిగిలిన రంగును క్షారంతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క ఏమిటో గుర్తుపట్టాలి. ముక్కల్ని బట్టి మొత్తం ఎలా ఉండేదో ఊహించాలి. అక్కడితో అయిపోదు. ఆ ఊహ నిజమో కాదో తేలాలంటే అదే పదార్థాన్ని ప్రయోగశాలలో మొదటి నుంచి కట్టి చూపించాలి.

శేషాద్రి, ఆయన శిష్యుడు పి. సూర్యప్రకాశరావు ఎర్ర గోంగూర పూల నుంచి ఇలా తీసిన పసుపు పదార్థం హైబిసిట్రిన్. చక్కెర పోయాక మిగిలేది హైబిసెటిన్. దాని అణువులో ఏడు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి.

ఏడు గుంపులనూ మొక్క ఒకేసారి ఎలా తగిలిస్తుంది? తగిలించదు అన్నది శేషాద్రి ఆలోచన. ముందు సాదా చట్రం కడుతుంది, తర్వాత ఒక్కొక్క ఆక్సిజన్ చేరుస్తుంది. ఇల్లు కట్టాక అలమరలు పెట్టించినట్టు. ఆయన ఈ మాట చెప్పి ఊరుకోలేదు. సాదా పదార్థం తీసుకుని, పెర్సల్ఫేట్ అనే మామూలు రసాయనంతో, పెద్ద వేడి లేకుండానే, సరైన చోట ఆక్సిజన్ చేర్చి చూపించారు. మొక్కలో పెర్సల్ఫేట్ ఉండదు, నిజమే. కానీ మొక్క నడిచే దారి ఇలాంటిదే కావచ్చని చెప్పడానికి అది బలమైన ఆధారం. మొక్కల్లో పదార్థాలు పుట్టే క్రమాన్ని ఈ రోజు జీవసంశ్లేషణ పేరుతో విశ్వవిద్యాలయాల్లో చదువుతారు.

లైకెన్ల కథలో మన పుదుచ్చేరి కూడా ఉంది. శేషాద్రి బృందం పరీక్షించిన వాటిలో రొసెల్లా మోంటాన్యై ఒకటి. మీరు ల్యాబ్‌లో వాడే లిట్మస్ ఈ రొసెల్లా జాతి లైకెన్ల నుంచే వచ్చింది. ఆ పేరు పెట్టిన బెలాంజే అనే ఫ్రెంచివాడు మన బొటానికల్ గార్డెన్‌కు తొలి రోజుల్లో డైరెక్టర్. ఈసారి తోటకు వెళ్లినప్పుడు చెట్ల బెరడు కేసి కూడా చూడండి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యానికి వెళ్లాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. తొమ్మిదేళ్లుగా కూర్చుకున్న ప్రయోగశాల చెదిరింది. గోంగూర పూల మీద పరిశోధన పత్రాలు అచ్చయినది సరిగ్గా ఆ ఏడాదే. పదకొండో తరగతి మధ్యలో, సగం రాసిన ప్రాక్టికల్ రికార్డు చంకన పెట్టుకుని మా బడికి వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. నేనీ వ్యాసం రాస్తున్నది వాళ్ల కోసమే.

1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. విభాగాన్ని మళ్లీ నిర్మించారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1963లో పద్మభూషణ్ వచ్చింది, 1965లో రిటైరయ్యారు. రిటైరయ్యారన్నది కాగితం మీదే. డెబ్బై దాటాక కూడా ఆయన ముందున్న బల్ల మీద మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం ఉంది. ఆ ఎరుపుకు కారణమైన శాంటలిన్ మొండిది. త్వరగా కరగదు, నిర్మాణం ఒక పట్టాన తేలదు. శిష్యుడితో కలిసి దాని మీద పత్రాలు రాశారు, కొంత దూరం తెచ్చారు.

1975 సెప్టెంబరు 27న శేషాద్రి కన్నుమూశారు. శాంటలిన్ నిర్మాణాన్ని తేల్చిన పత్రం అదే ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞుల పేరుతో అచ్చయింది.